‘తండ్రి జీతం’ అనే గడి

ఒక ఇంటికి నెలకు ఎంత వస్తుందో కనుక్కోవడం నా ఉద్యోగం. తిరుపతిలో ఒక ప్రకటనల కంపెనీలో 1991 ఆగస్టు నుంచి 2009 మార్చి దాకా, పదిహేడేళ్ళ ఎనిమిది నెలలు ఆ పని చేశాను. మొదటి పన్నెండేళ్ళు ఇంటింటికీ తిరిగి, ఆ తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని.

ఈమధ్య మా వీధి అమ్మాయి ఒకతె ఇలాంటి ఉద్యోగంలోనే చేరింది. ఏ ఆదాయం వాళ్ళకు ఏ ప్రకటన చూపించాలో నిర్ణయించే పని. “ఇప్పుడు అడగక్కర్లేదండీ, ఎవరికి ఎంత ఆదాయమో మిషనే చెప్పేస్తుంది” అంది. “దానికి ఎవరు చెప్పారు?” అని అడిగాను. ఆ పిల్ల నవ్వేసి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ ప్రశ్నకు జవాబు రాసిపెట్టాలనిపించింది. నేను చేసిన తప్పు ఒకటి ఆ జవాబులోనే ఉంది.

నోటితో అడగొద్దు

కంపెనీ యజమాని గురవయ్య శెట్టి గారు. చిత్తూరు దగ్గర పుట్టి, తిరుపతిలో గోడల మీద అక్షరాలు రాస్తూ పైకి వచ్చిన మనిషి. గోడ రాతలు, సినిమా హాళ్ళలో స్లయిడ్లు, ఆటో మీద మైకు, ఇవీ ఆయన వ్యాపారాలు. నేను అంతకుముందు లెక్కల ట్యూషన్లు చెప్పేదాన్ని కాబట్టి చివరిదాకా నన్ను టీచరమ్మ అనే పిలిచారు.

నేను చేరగానే ఒక ప్రెషర్ కుక్కర్ల కంపెనీ కోసం నాలుగు వందల ఇళ్ళ సర్వే ఇచ్చారు. ఇళ్ళను ఆదాయాన్ని బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు వరసలుగా విడగొట్టాలి. నేను కాగితం, కలం పట్టుకుని “మీకు నెలకు ఎంత వస్తుందండీ?” అని మొదలుపెట్టాను. కాగితం చూడగానే తెల్ల కార్డు తీసేస్తారని భయం. వెనక ఫ్రిజ్ కనిపిస్తూనే ఉంటుంది, ఇల్లాలు “ఏమొస్తాదిమా, గంజికి సరిపోతాది” అంటుంది. మొదటి వారం నేను తెచ్చిన లెక్క ప్రకారం తిరుపతిలో అందరూ గంజి తాగేవాళ్ళే.

శెట్టి గారు ఆ కాగితాలు తిరగేసి, “టీచరమ్మా, నోటితో అడగబాకు. కంటితో అడుగు. గ్యాసు బండ ఒగటా రొండా సూడు. వాకిట్లో చెప్పులు సూడు. అప్పుడు రాయి” అన్నారు.

కంటితో అడిగి కూడా తప్పులు చేశాను. శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ ఆయన ఇంటికి వెళ్ళాను. రేకుల కప్పు, ఒంటి నిండా రంగు మరకలు, పాలలో కరక్కాయ కలిపి నానేసిన గుడ్డల వాసన. గడప దాటకుండానే డీ వరసలో వేశాను. ఆయన మద్రాసు కొట్లకు సరుకు పంపేవాడని తర్వాత తెలిసింది. కుక్కర్లు బజారులోకి వచ్చిన వారంలోనే రెండు కొన్నాడు, ఒకటి ఇంటికి, ఒకటి రంగులు ఉడకబెట్టడానికి.

నాకు పని నేర్పిన రెండో మనిషి చంద్రగిరిలో ఒక ముసలామె. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. “ఎంత వస్తాదని అడిగితే నాకేం తెలుసుమా. నా కొడుకు సెప్పడు. ఎంత సాలలేదో అడుగు, రూపాయితో సహా సెప్తా” అంది. చెప్పింది కూడా. ఆ రోజు నుంచి నేను ఆదాయం అడగడం మానేశాను. “నెలలో ఏ తేదీకి చెయ్యి ఖాళీ అవుతుంది?” అని అడిగేదాన్ని. కొండ మీద ఉద్యోగాలు చేసేవాళ్ళు ఇరవై, ఇరవై రెండు అనేవాళ్ళు. కూలి ఇళ్ళలో ఆడవాళ్ళు నన్ను జాలిగా చూసి “తేదీ ఏందిమా, దినామూ” అనేవాళ్ళు. ఈ ప్రశ్నకు ఎవరూ అబద్ధం చెప్పలేదు.

నిలబడినవాణ్ణి బట్టి మారే గోడ

2003లో శెట్టి గారు మూడు కంప్యూటర్లు కొన్నారు. హైదరాబాదు కంపెనీ ఒకటి ఇంటర్నెట్‌లో ప్రకటనలు పెట్టే పనిలో మా జిల్లా వరకు మాకు అప్పగించింది. ఆ రోజు ఆయన మా ఆరుగురినీ కూర్చోబెట్టి ఇలా చెప్పారు.

“మనం ఇన్నాళ్ళూ గోడ మీద రాసినాము. కారు కొనేవోడూ సూస్తాడు, కాల్నడకన పొయ్యేవోడూ సూస్తాడు. కారు ప్రకటన కాల్నడకోనికి సూపిస్తే మన రంగు దండగ. ఇప్పుడు వచ్చిన గోడ అట్లాంటిది కాదు. ముందర ఎవుడు నిలబడినాడో దాన్ని బట్టి రాత మారతాది.”

ఈ విద్య గురించి తర్వాత నేను చదివినవేవీ ఇంతకంటే బాగా చెప్పలేదు. ముందర నిలబడింది ఎవరో గోడకు ఎలా తెలుస్తుంది? నిలబడినవాళ్ళు తమ గురించి ఒక ఫారంలో నింపుతారు. ఆ ఫారంలో ఆదాయం అనే గడి ఉంటుంది. మా వ్యాపారమంతా ఆ ఒక్క గడి మీద నడిచేది.

రెండు ప్రకటనలు

2005 ఏప్రిల్‌లో చంద్రగిరి దగ్గర ఒక నర్సింగ్ స్కూలు నడిపే డాక్టరమ్మ మా ఆఫీసుకు వచ్చారు. ప్రభుత్వాసుపత్రిలో రిటైరయ్యాక ఒక ట్రస్టు తరఫున ఆ స్కూలు పెట్టారు. డబ్బు కట్టి చేరే సీట్లు కొన్ని. ఇరవై నాలుగు సీట్లు మాత్రం ఉచితం, ఫీజు, హాస్టలు, భోజనం అన్నీ. నెలకు మూడు వేల లోపు వచ్చే ఇళ్ళ ఆడపిల్లలకు. ఇంటర్ పాసై ఉండాలి.

“పోయినేడాది పేపర్లో వేయించాను. కావలసిన పిల్లలు రాలేదు. వాళ్ళ ఇళ్ళకు పేపరు రాదు” అన్నారు ఆమె.

ఆ ఇళ్ళకు కంప్యూటరూ లేదు. అయితే కూలివాళ్ళ పిల్ల కూడా ఏడాదిలో ఒక్కరోజు ఇంటర్నెట్ ముందు నిలబడుతుంది, ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు. నెట్ సెంటర్ వాడికి పది రూపాయలిచ్చి హాల్ టికెట్ నంబరు చెబుతుంది. ఆ పది నిమిషాల్లో ఆ పిల్ల కళ్ళముందు ఈ ప్రకటన ఉంటే చాలు. ఈ ఆలోచన నాదే. ఇప్పటికీ అది మంచి ఆలోచన అనే అంటాను.

ఫలితాలు చూపించే వెబ్‌సైటు ఒకటి మాతో ఒప్పందానికి వచ్చింది. మార్కులు కనబడే ముందు చిన్న ఫారం నింపాలి: పేరు, ఊరు, తండ్రి చేసే పని, తండ్రి నెలసరి ఆదాయం. మూడు వేల లోపు అయితే మార్కుల పక్కన ఉచిత సీటు ప్రకటన వస్తుంది. పది వేలు దాటితే అదే స్కూలు డబ్బు కట్టే సీట్ల ప్రకటన, సంవత్సరానికి ఇరవై రెండు వేల ఫీజుతో సహా.

మా జిల్లాకు ఫారం తెలుగులో ఉండాలని నేనే పట్టుబట్టాను. అప్పట్లో తెలుగు అక్షరాలు తెర మీద చెదిరిపోయేవి, అందుకని బొమ్మగా చేసి అతికించేవాళ్ళం. మా కంప్యూటర్ ఆపరేటర్ హేమలత “మేడమ్, ‘తండ్రి నెలసరి ఆదాయం’ ఈ జాగాలో పట్టడం లేదు. కురచగా ఏమన్నా చెప్పండి” అంది. నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. “తండ్రి జీతం” అని రాయించాను.

నాది తెనాలి వైపు. మా నాన్న హైస్కూల్లో గుమాస్తా. ఒకటో తేదీ ఇంటికి తెచ్చేది జీతం. నాకు ఆ మాటకు ఇంకో అర్థం తెలియదు. పెళ్ళయి తిరుపతి వచ్చి అప్పటికి ముప్ఫై ఒక్క ఏళ్ళు.

సున్నాలు, పదిహేను వేలు

మే 16, సోమవారం. డాక్టరమ్మ ఫోన్ చేశారు. ఉచిత సీట్లకు ఆ శనివారం సాయంత్రం ఐదింటికి గడువు.

“మీ ప్రకటన చూసి వచ్చామని చాలామంది వస్తున్నారు. తిరుపతి నుంచి వచ్చినవాళ్ళు నేను కోరుకున్న పిల్లలే. పల్లెల నుంచి మాత్రం తండ్రులు బుల్లెట్ల మీద వచ్చి దిగుతున్నారు. నేను అడిగింది వీళ్ళను కాదు కదా?”

ఫారాల పట్టిక తెప్పించాను. ఐరాల చుట్టుపక్కల పల్లెల పేర్లు మూడు వందల పన్నెండు. ఒక్కొక్క వరస మీద వేలు పెట్టి చూశాను. తొంభై ఏడు మంది తండ్రి జీతం దగ్గర సున్నా ఉంది. పని దగ్గర వ్యవసాయం. ఇంకో నలభై మూడు వరసల్లో పన్నెండు వేలు, పదిహేను వేలు, పద్దెనిమిది వేలు. పని దగ్గర ‘జీతం’ అనో ‘సేద్యం పని’ అనో ఉంది.

నెలకు పదిహేను వేలు అప్పట్లో పెద్ద ఉద్యోగం. ఒక మారుమూల పల్లెలో అంత తెచ్చుకునేవాళ్ళు అంతమంది ఉండరు. ఏదో తప్పింది. ఎక్కడ తప్పిందో కాగితం చెప్పదు. ఒకే ఊరి నుంచి ఒక సున్నా, ఒక పదిహేను వేలు ఎంచుకుని రాసుకున్నాను. మర్నాడు పొద్దున బస్సెక్కాను.

ఐరాల

సున్నా ఇల్లు ఐరాలకు మూడు కిలోమీటర్లు. కొట్టంలో ట్రాక్టరు, ఇంటి వెనక మామిడి తోట. ఇంటాయన దొరస్వామి నాయుడు పంచ పైకి మడిచి కాయల గంపలు లెక్కపెడుతున్నాడు. నేను పట్టిక చూపించి, జీతం దగ్గర సున్నా ఎందుకు రాయించారని అడిగాను.

ఆయన నన్ను కింద నుంచి పైకి చూశాడు. “ఏందిమా ఆ మాట? నేనేమన్నా ఒకరి కాడ జీతానికుండానా? నా కాడే ఒగడుండాడు.”

నాకు అర్థం కాలేదు. ఆయన కూతురు శిరీష, ఆ ఏడు ఇంటర్ పాసైన పిల్ల, గడపలో నుంచి చెప్పింది. “చిత్తూర్లో నెట్ సెంటర్ ఆయన ‘మీ నాయన జీతమెంత’ అని అడిగినాడు. మా నాయనకు జీతమేంది, లేదు అంటిని. సున్న కొట్టినాడు. మునిలక్ష్మి వాళ్ళ నాయన జీతం పదైదు వేలు అనె. అదే కొట్టినాడు.”

మునిలక్ష్మి నా కాగితంలో రెండో పేరు.

“మునిలక్ష్మి వాళ్ళ నాయన ఏం చేస్తాడు?”

నాయుడు తోట వైపు చెయ్యి చూపించాడు. “మా చెంగయ్యే. నేను సెప్పినానే, నా కాడ జీతానికుండాడని. ఉగాది నించి ఉగాదికి పదైదు వేలు, రొండు జతల గుడ్డలు, పూటకు సంగటి.”

అక్కడే గంప బోర్లించి కూర్చున్నాను. ఆ సీమలో జీతం అంటే ఆసామి దగ్గర ఏడాదికి ఒప్పుకున్న సేద్యగాడి కూలి. ఆసామిని ‘నీ జీతమెంత’ అని అడిగితే తిట్టినట్టు. సేద్యగాణ్ణి అడిగితే ఏడాది మొత్తం చెబుతాడు. నెల అనే మాట నేను తీసేశాను. తోట ఉన్నవాడు సున్నా అయ్యాడు, ఆ తోటకు నీళ్ళు కట్టేవాడు నెలకు పదిహేను వేలవాడయ్యాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

చెంగయ్య తోటలోనే ఉన్నాడు. సన్నటి మనిషి, యాభై దాటిన వయసు. కూతురి సంగతి అడిగితే తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“ఏదో నర్సు సదువంట అమ్మా. ఏడాదికి ఇరవై రొండు వేలని రాసుండాదని వచ్చి సెప్పినాది. నా ఏడాది కష్టం మొత్తం పోసినా సాలదు. ఇంగ ఆ మాట మళ్ళా ఎత్తలేదు ఆ బిడ్డ. బెంగుళూరు గుడ్డల కంపెనీకి పోతానంది. ఆదివారం మేస్త్రీ వచ్చి పిల్చుకోని పోతాడు.”

ఉచిత సీట్లు ఉన్నాయని, ఆమెకు చూపించాల్సింది ఆ ప్రకటనేనని, నా తప్పు వల్ల ఇంకోటి చూపించామని చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన ఇంటి వైపు చూసి గొంతు తగ్గించాడు.

“మా నాయుడోరి బిడ్డ ఆ సీటుకే వేసుండాది కదమ్మా. ఆ బిడ్డ అడిగినదాన్ని నా బిడ్డ అడిగితే బాగుంటాదా? రేపు పొద్దున నేను ఆ కొట్టంలోనే గదా పండుకోవాల్సింది.”

వెనక నుంచి నాయుడు వచ్చాడు. “ఏ సీటుమా?”

చెప్పాను. నెలకు మూడు వేలు కూడా రాని ఇళ్ళ పిల్లలకు ఉంచిన సీట్లని.

“అంటే పేదోళ్ళకా?”

“అవును.”

“మా బిడ్డకెట్ల వచ్చినాది?”

“మీకు సున్నా ఆదాయమని రాసి ఉంది కాబట్టి.”

బాగా చదివినందుకు పిల్లకు బహుమానంగా వచ్చిందనుకున్నాడట, ఊళ్ళో నలుగురికీ చెప్పుకున్నాడట. “ఆ కాగితం ఎనక్కి తీసేయ్‌మా. పేదోళ్ళ సీటు కోసరం దొరసామి నాయుడు క్యూలో నిలబడినాడంటే ఈ ఊర్లో నన్ను బతకనీరు. నా బిడ్డను దుడ్లు కట్టే సదివిస్తా.” చెంగయ్య వైపు తిరిగి, “నీకేంరా నోరు లేదా? ముందే అడగొచ్చు గదా” అని కసిరాడు. చెంగయ్య నవ్వాడు. నేను అక్కడున్నంతసేపూ ఆయన నవ్వడం అదొక్కసారే.

ఆదాయం సర్టిఫికెట్ కావాలి. గురువారం మధ్యాహ్నం నాయుడే చెంగయ్యను వెంటపెట్టుకుని మండలాఫీసుకు వచ్చాడు. గుమాస్తా తలెత్తకుండా “పదైదు వేలు నెలకా, ఏడాదికా?” అని అడిగాడు. నాయుడు కిటికీలో నుంచి బయటికి చూస్తూ “ఏడాదికే” అన్నాడు. “కొంచెం గట్టిగా సెప్పన్నా” అన్నాడు గుమాస్తా.

మైకు

మంగళవారం ఐరాల నుంచి రాగానే శెట్టి గారికి జరిగిందంతా చెప్పాను. తప్పు మాదేనని డాక్టరమ్మకు చెబుతానన్నాను.

“ఫారం వాళ్ళ సైటుది. మనది కాదు” అన్నారాయన.

“మాట నాది.”

“టీచరమ్మా, ఆమె ఇచ్చే లెక్క పోతే ఆరు మందికి సంబళం ఇచ్చేది యాడ నుంచి?”

ఆయన నోట కూడా ఆఫీసులో ఇచ్చేది సంబళమే. పద్నాలుగేళ్ళుగా నెలనెలా ఆ మాట వింటూనే ఉన్నాను. ఎందుకు జీతం అనరో ఒక్కసారి కూడా అడగలేదు. ఆ మాటే అంటే ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. “నన్ను ఒగ మాట అడిగుంటే సరిపొయ్యేది గదమ్మా. మా నాయన పదేండ్లు జీతానికుండినాడు” అన్నారు. వాళ్ళ నాన్న సంగతి నాకు తెలియడం అదే మొదలు.

డాక్టరమ్మకు నేనే ఫోన్ చేశాను. ఆమె కోప్పడలేదు. “శనివారం దాకా ఏం చేయగలరో చేయండి” అన్నారు.

ఆదాయం అడ్డు తీసేసి ఉచిత సీటు ప్రకటన అందరికీ కనబడేట్టు మార్పించాం. లాభం లేకపోయింది. ఫలితాలు వచ్చి మూడు వారాలు దాటింది. బుధవారం మొత్తం ఐరాల వైపు నుంచి ఆ పేజీ తెరిచినవాళ్ళు ముగ్గురు. వాళ్ళను పట్టుకోగలిగిన పది నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. ఫోన్ నంబరు గడిలో చాలామంది నెట్ సెంటర్ నంబరే రాయించారు.

గురువారం పొద్దున నేను ఆఫీసుకు వెళ్ళేసరికి శెట్టి గారు పాత మైకు పెట్టె దులుపుతున్నారు. ఆటో ఒకటి వాకిట్లో ఉంది. “ఈ గోడలూ తెరలూ కుదర్లేదు. పాత విద్యకే పోదాం పా” అన్నారు. రెండు రోజులు, ఇరవై రెండు ఊళ్ళు. మైకులో ఆయన గొంతే.

“అన్నలారా, అక్కలారా. జీతానికుండే వాళ్ళ బిడ్డలు, కూలికి పొయ్యే వాళ్ళ బిడ్డలు ఇంటర్ పాసై ఉంటే ఈ మాట ఇనండి. నర్సు సదువు. ఫీజు లేదు, హాస్టలుకు లేదు, తిండికి లేదు. మీ బిడ్డకు కంప్యూటర్లో ఇరవై రొండు వేలని కనపడింటే అది మా తప్పు. ఇంకోసారి సెప్తాండా, అది మా తప్పు. శనివారం సాయంత్రం ఐదు గంటలకు ఆఖరు.”

తప్పు మనది కాదని మంగళవారం నాతో వాదించిన మనిషే, శుక్రవారం సాయంత్రానికి గొంతు పోయేదాకా ఆ మాట అన్నారు. ఆయన నాకు ఎన్నిసార్లో కోపం తెప్పించారు. ఆ రెండు రోజుల కోసం అవన్నీ కొట్టేశాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు

నలభై మూడు వరసల్లో పదిహేడు మంది పిల్లలను వెనక్కి తేగలిగాం. తక్కిన ఏడు సీట్లు తిరుపతి నుంచి సరిగ్గా వచ్చినవాళ్ళకు దక్కాయి. బుల్లెట్ల మీద వచ్చిన కాగితాలను డాక్టరమ్మ ఒక్కొక్క ఇంటికి మనిషిని పంపి చూసి పక్కన పెట్టారు. ఇరవై ఆరు మంది నాకు దొరకలేదు. “సీట్లు ఎట్లాగూ ఇరవై నాలుగే గదా” అని శెట్టి గారు నన్ను ఓదార్చారు. నాకు ఓదార్పు కలగలేదు. సీటు రాకపోవడం వేరు, సీటుందని తెలియకపోవడం వేరు.

మన పని ఎవరికి ఏది చూపించాలో ఎంచడం అని అందరూ అంటారు. ఎవరికి ఏది చూపించకూడదో ఎంచడం కూడా అందులోనే ఉంది. దాన్ని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే చూపించనిదానికి ఫిర్యాదు రాదు. మునిలక్ష్మి మాకు ఉత్తరం రాయలేదు. తనకు రాని ప్రకటన గురించి ఏమని రాస్తుంది? బుల్లెట్లు రాకపోయి ఉంటే నా తప్పు నాకూ తెలిసేది కాదు.

ఆదాయాన్ని బట్టి మనుషులను విడగొట్టడం తప్పని నేను అనను. డాక్టరమ్మ దగ్గర డబ్బు తక్కువ, కోరిక మంచిది. ఆ డబ్బు సరైన ఇళ్ళకు చేరాలంటే ఏదో ఒక గీత గీయాలి. గీత గీసేముందు అది ఏ మాట మీద నిలబడిందో చూడండి. ఆ మాటను మీ ఆఫీసులో ఉన్న డ్రైవరును, ఊడ్చే ఆమెను, యజమానిని, అందరినీ అడగండి. తప్పయితే ఎవరికి నష్టమో ముందే లెక్క వేయండి. శిరీషకు తప్పు ప్రకటన చూపిస్తే పోయింది ఒక కాగితం. మునిలక్ష్మికి చూపిస్తే పోయేది మూడున్నరేళ్ళ చదువు. ఈ రెండు తప్పులనూ ఒకే అంకెగా కూడి ‘ఇంత శాతం తప్పు’ అని రిపోర్టు రాసేవాళ్ళను నేను చూశాను. ఆ లెక్క కూడిక వరకే సరి.

పట్టికలో ఏదైనా విడ్డూరంగా ఉంటే బస్సెక్కండి. నా జీవితంలో నాకు తెలియనిది ఏదీ కుర్చీలో కూర్చుని తెలియలేదు.

పదిహేడో పిల్ల ఎలా వచ్చిందో చెప్పాలి.

శనివారం

మే 21 సాయంత్రం నాలుగూ నలభైకి చెంగయ్య, మునిలక్ష్మి స్కూలుకు వచ్చారు. అప్పటికి ఇరవై రెండు సీట్లు నిండాయి. మునిలక్ష్మిది ఇరవై మూడోది. డాక్టరమ్మ సర్టిఫికెట్ చూసి, మార్కులు చూసి, “రక్తం చూస్తే భయమా?” అని అడిగారు. “కోళ్ళు కోస్తానమ్మా” అంది మునిలక్ష్మి. డాక్టరమ్మ నవ్వి సంతకం చేశారు.

చెంగయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. కూతురు హాస్టలు చూడటానికి లోపలికి వెళ్ళాక నా దగ్గరికి వచ్చాడు.

“అమ్మా, నా తమ్ముని బిడ్డ పార్వతి. అదీ పాసైనాది. వాళ్ళ నాయనదీ జీతమే, పన్నెండు వేలు. పోయిన ఆదివారమే బెంగుళూరికి పొయ్యినాది, అదే మేస్త్రీతో. అది పొయ్యేటప్పుడు ఈ సీటు ఉండిందా?”

పట్టికలో ఆ పేరు నాకు గుర్తే. నలభై మూడింటిలో ముప్ఫై ఎనిమిదో వరస.

“ఉండింది చెంగయ్యా” అన్నాను.

ఆయన తల ఊపాడు. “ఇప్పుడుండాదా?” అని అడిగాడు.

నేను డాక్టరమ్మ వైపు చూశాను. గోడ గడియారం ఐదుకు రెండు నిమిషాలు. ఆమె అప్లికేషన్ల కట్ట చేత్తో సర్దుకుని, “గడువు గడువే. ఇవాళ కాగితం ఇస్తే ఇవాళ్టి లెక్కలోకి వస్తుంది. సర్టిఫికెట్ తర్వాత తెచ్చుకోవచ్చు. పిల్ల మాత్రం బుధవారం లోపల నా కళ్ళ ముందు ఉండాలి” అన్నారు. ఖాళీ ఫారం నా చేతికిచ్చారు. ఆ గడులన్నీ నేనే నింపాను. తండ్రి ఆదాయం దగ్గర ఏడాదికి అని ముందు రాసి, తర్వాత అంకె వేశాను. పెదనాన్నగా చెంగయ్య వేలిముద్ర వేశాడు.

ఉత్తరం రాసిస్తానన్నాను. రేపు ఆదివారం, సోమవారం పడుతుంది, బుధవారానికి చేరదు అని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. కంపెనీ పేరు, వీధి పేరు చీటీ మీద రాయించుకుని జేబులో పెట్టుకున్నాడు. బెంగళూరు ఎప్పుడైనా చూశావా అని అడిగితే లేదన్నాడు. నాయుడికి చెప్పావా అని అడిగితే, “అడిగితే పొమ్మంటాడు లెమ్మా. అడిగేకి టయిం లేదు” అన్నాడు. నాయుడి దగ్గరున్న ఇరవై ఏడేళ్ళలో చెంగయ్య అడక్కుండా ఊరు దాటడం అదే మొదటిసారని మునిలక్ష్మి తర్వాత చెప్పింది.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండుకు డాక్టరమ్మ ఫోన్ చేశారు. చెంగయ్య, ఒక పిల్ల, ఒక రేకు పెట్టె గేటు దగ్గర దిగారని. పిల్ల రెండు రోజులుగా సరిగ్గా తినలేదని, ముందు భోజనం పెట్టించి తర్వాత సంతకం చేయించుకున్నానని చెప్పారు. బుధవారం దాకా ఉంచిన సీటు మంగళవారం నిండింది.